ఉద్యమ కార్యకర్తల అనుభవ సేకరణ: ‘మనకు తెలియని మన చరిత్ర’

ఒక ఉద్యమం ముగిసిన తరువాత దాని ఫలితాలను లెక్కించడం ఒక పని. అందులో స్వచ్ఛందంగా పాల్గొన్న కార్యకర్తలను వారి అనుభవమేమిటని అడగడం మరొక పని. తెలంగాణ సాయుధ పోరాటం (1946-1951) విషయంలో, ముఖ్యంగా స్త్రీల విషయంలో, రెండవ పని చాలా ఆలస్యంగా జరిగింది.

పోరాట నాయకులలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం మొదటి పనిని సమగ్రంగా చేసింది. సుమారు 3,000 గ్రామాలలో ప్రజా పాలన, 10 లక్షల ఎకరాల భూపంపిణీ, 4,000 మంది వరకు మరణించడం అందులో నమోదయ్యాయి. స్త్రీల పాత్రకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమూ ఉంది. అయితే అక్కడ స్త్రీలు ప్రధానంగా సాహసానికీ త్యాగానికీ నిదర్శనాలుగా కనిపిస్తారు.

హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ రెండవ పనిని చేపట్టింది. ఉద్యమంలో పాల్గొన్న స్త్రీలను స్వయంగా కలిసి, వారి మాటలను ఉత్తమ పురుష కథనాలుగా కూర్చింది. దళంలో పోరాడిన మల్లు స్వరాజ్యంతోపాటు భూమి కోసం దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ కూడా అందులో మాట్లాడారు.

ఈ విధంగా అడగడంవల్ల లెక్కలకు అందని సంగతులు బయటికి వచ్చాయి. అడవిలో దళంతో తిరుగుతూ బిడ్డను కన్న కమలమ్మ ఆ శిశువును పరాయివారి చేతిలో పెట్టవలసివచ్చింది. పోరాట విరమణ తరువాత అనేకులు తిరిగి ఇంటి గడప లోపలికే వెళ్లవలసివచ్చింది. చదువూ ఉపాధీ లేక, అయినవారి ఆదరణా కరువై వారు పడిన ఇబ్బందులు విజయాపజయాల చర్చలో చోటు పొందలేదు. అయినప్పటికీ ఆ స్త్రీలు ఉద్యమాన్ని నిరాకరించలేదు. తమ జీవితంలో అత్యంత స్వేచ్ఛను అనుభవించిన కాలంగా దానినే తలచుకున్నారు. అభిమానమూ ఆవేదనా ఒకే కథనంలో కలిసి ఉండటం ఈ సేకరణలోని ముఖ్యాంశం.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ముప్పై ఐదేళ్ల తరువాతి జ్ఞాపకాలలో తేదీలూ వరుసలూ తారుమారు కావచ్చు. పెళ్లి, పిల్లలు, పార్టీ క్రమశిక్షణ గురించిన ప్రశ్నలు 1980ల నాటి స్త్రీవాద చింతన నుంచి వచ్చినవి. కనుక ఈ కథనాలను సంఘటనల పట్టికగా కాక, అనుభవానికి సాక్ష్యంగా చదవాలి. ఆ దృష్టితో చూసినప్పుడు ఉద్యమ ఫలితాల గణనలో కార్యకర్తలు కోల్పోయినవీ పొందినవీ చేరతాయి. కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ (2012) వంటి ఆత్మకథలను కూడా ఈ సాక్ష్యాల సరసన ఉంచి పరిశీలించవలసి ఉంది.