సోమశిల: ఒక రేవు, మూడు దూరాలు

హైదరాబాద్ నుంచి తిరుపతికి విమానంలో గంట పైచిలుకు. మ్యాపు మీద తాడు పట్టి కొలిస్తే 430 కిలోమీటర్లకు అటూ ఇటూ. రోడ్డు మీద మాత్రం 550 దాటుతుంది. ఈ తేడా ఎక్కడ పెరిగిందో చూడాలంటే సోమశిల రేవుకు వెళ్లాలి.

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ పక్కన, కృష్ణ ఒడ్డున ఉంది సోమశిల. ఎదురుగా సిద్ధేశ్వరం, ఆ వెనక నల్లమల అంచు, ఇంకా అవతల ఆత్మకూరు. రేవులో నిలబడితే అవతలి గట్టు కంటికి ఆనుతూనే ఉంటుంది. పడవ అయితే ఒక్క ఏరే దాటాలి. బస్సు అయితే పెబ్బేరు మీదుగా వెళ్లి బీచుపల్లి దగ్గర కృష్ణనూ, కర్నూలు దగ్గర తుంగభద్రనూ దాటి, నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరాలి. 150 కిలోమీటర్ల పైమాటే. పక్షికి ఒక దూరం, పడవకు ఒకటి, బస్సుకు ఇంకొకటి.

ఏరు అడ్డం కాబట్టి దూరం అనుకుంటే సగమే నిజం. 1839లో కర్నూలు నవాబు రాజ్యం కంపెనీ చేతికి పోయాక ఇవతలి ఒడ్డు నిజాంది, అవతలి ఒడ్డు మద్రాసుది. రెండు సర్కార్ల మధ్య వంతెన ఎవరు కడతారు? సరే, 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రమయ్యాయి. విచిత్రం ఏమిటంటే, ఏరు బాగా వెడల్పయింది ఆ తర్వాతే.

1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో నీళ్లు నిలిచాయి. వంద దాకా ఊళ్లు మునిగాయి. సోమశిల పాత గుళ్లను విప్పి ఎత్తు మీద మళ్లీ కట్టారు. ఎదుటి ఒడ్డున సంగమేశ్వరం గుడి మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితేనే కనిపిస్తుంది. గుళ్లకు కొత్త చోటు దొరికింది కానీ, రెండు ఒడ్ల మధ్య ఉన్న చుట్టరికాలకూ, సంతలకూ, కూలి పనులకూ కొత్త దారి వేయలేదు. ఏరు జలాశయమైనా జనానికి పడవే దిక్కయింది.

2007 జనవరిలో, ఇదే నీటిలో, మంచాలకట్ట, నెహ్రూనగర్ మధ్య పడవ మునిగి దాదాపు అరవై మంది చనిపోయారు. వాళ్లు సాహసానికి వెళ్లినవాళ్లు కాదు. దగ్గరి దారిన వెళ్లినవాళ్లు. 150 కిలోమీటర్ల చార్జీ, ఒక రోజు కూలి లెక్కేసుకునే ఎవరైనా ఆ పడవే ఎక్కుతారు.

ఆ తర్వాత వంతెన డిమాండ్ బలపడింది. రాష్ట్రం విడిపోయిన ఎనిమిదేళ్లకు, 2022 అక్టోబరులో, సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు కేంద్రం ఆమోదం ప్రకటించింది. అంచనా 1,082 కోట్లు. కల్వకుర్తి నుంచి నంద్యాల దాకా జాతీయ రహదారిలో అదొక భాగం. హైదరాబాద్, తిరుపతి మధ్య 80 కిలోమీటర్లు తగ్గుతాయన్నారు. నడిచేవాళ్లకు అద్దాల దారి కూడా ఉంటుందన్నారు.

తగ్గితే మంచిదే. కానీ ఆ 80 కిలోమీటర్లు తిరుపతి వెళ్లేవాళ్ల లెక్క. మంచాలకట్ట వాళ్ల లెక్క వేరు: అవతలి ఒడ్డున బిడ్డనిచ్చిన ఇంటికి వెళ్లి, పొద్దుగూకేలోపు తిరిగి రాగలమా లేదా. వంతెన కట్టాక ఎవరి దూరం ఎంత తగ్గిందో కొలవాల్సింది కూడా ఈ లెక్కతోనే.