ఎత్తు నల్లమలది, కథ ఎర్రమలది

కర్నూలు, కడప సీమలో కొండ ఎత్తు మాటొస్తే పైచేయి నల్లమలదే. గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర అది మూడువేల అడుగులు అందుకుంటుంది. పడమటి ఎర్రమల దాని ముందు పొట్టిది. నెత్తి బల్లపరుపు, ఒళ్ళంతా ముళ్ళకంప. అయినా ఈ సీమ పూర్వచరిత్ర తెలియాలంటే పోవలసింది ఎర్రమలకే.

ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి దీని కడుపులో ఉంది. పైన పాణ్యం క్వార్ట్జైట్ గట్టి మూతలా నిలిచింది. కింది రాయిని వాననీళ్ళు కరిగించి గవులు తొలిచాయి. యాగంటి కోనేరు నడి వేసవిలోనూ ఎండకపోవడం ఈ కొండ ఊట చలవే. బనగానపల్లె వజ్రాలు, రవ్వలకొండ గవిలో వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారన్న నమ్మిక సీమలో అందరికీ తెలిసినవే.

తెలియవలసింది బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం సంగతి. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఆ గవుల్లో ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. లండన్ నుంచి జీవశాస్త్రవేత్త హక్స్‌లీ మద్రాసు గవర్నరును కదిలిస్తేగాని పని మొదలవలేదు. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ వెంటనే ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి. పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ దానికి కర్నూలు పేరే పెట్టాడు. మేకకు గడ్డి దొరకడమే కష్టమైన చోట ఒకప్పుడు ఖడ్గమృగం మేసింది! ఎముకతో చెక్కిన పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ అంటే పండితులు నమ్మీ నమ్మనట్టు ఊరుకున్నారు. 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో అలాంటివే వెలికితీశాక గాని ఫుట్ మాటకు విలువ రాలేదు. నా దృష్టిలో సీమ పురావస్తు చరిత్రలో ఇంత ఆలస్యంగా దక్కిన న్యాయం మరొకటి లేదు.

ఇదే సున్నపురాయిలోని బెలుం గవులను 1980లలో జర్మన్ గుహాన్వేషకులు కొలిచారు. 2002 నుంచి టిక్కెట్టు కొని చూస్తున్నాం. అంతకన్నా పెద్ద కబురు బనగానపల్లె దగ్గరి జ్వాలాపురానిది. అక్కడివాళ్ళు తెల్లని మెత్తటి బూడిద తవ్వి గిన్నెలు తోమే పొడికి అమ్ముకునేవాళ్ళు. అది సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ళ కిందట కక్కిన బూడిద. దాని కిందా పైనా రాతి పనిముట్లున్నాయని 2007లో పురావస్తు శాస్త్రవేత్తలు పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్‌ల బృందం ప్రకటించింది. అంత ఉత్పాతాన్నీ ఇక్కడి మనుషులు తట్టుకున్నారా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఈలోగా అదే సున్నపురాయి బేతంచెర్ల నాపబండలై మన ఇళ్ళల్లో పరుచుకుంది. మిగిలింది సిమెంటు బట్టీల పాలవుతోంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బిల్లసర్గం, బెలుం, జ్వాలాపురం మూడూ నంద్యాలకు పోయాయి. పాత పుస్తకాల్లోని ‘కర్నూలు గుహలు’ చూడాలని ఇప్పుడు కర్నూలు జిల్లాలో వెతికితే లాభం లేదు.