చార్మినారు పటమున గడియారము

పూర్వపు చిత్రపటమొకటి చేతికి వచ్చినచో దాని కాలము నెట్లు నిర్ణయింపవలెనో నేడు చార్మినారు నుదాహరణముగా గొని మీకు మనవి చేయదలచితిని.

గోడనున్న పటమును జూపి "ఇది కులీ కుతుబ్ షా నాటి బొమ్మ" యని గృహస్థులు చెప్పగా పలుమారు వినియున్నాను. కట్టడము 1591 నాటిదే. కాని కమానుపై గుండ్రని గడియారము చిత్రింపబడియున్న యెడల ఆ పటము 1889కి పూర్వపుది కానేరదు. నాలుగు దిక్కుల నాలుగు గడియారములు అమర్చినది ఆ యేటనే, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలనలో. కావున ఏ దిక్కున నిలిచి వ్రాసినను చిత్రకారునకు గడియారము కంటబడి తీరును.

మరి గడియారము లేని పటమెల్ల 1889కి ముందటిదేనా? కాదు. పొగయున్నచోట నిప్పుండునని తర్కము చదివినవారెరుగుదురు. కాని కాలిన యినుపగుండులో నిప్పున్నను పొగ యుండదు గదా! పాత చిత్రమును జూచి ప్రతి వ్రాసినవాడు గడియారమును విడిచియుండవచ్చును. పాతదనము చెడునని కావలసియే విడిచినవాడును ఉండవచ్చును. అట్టి సందేహము గలిగినప్పుడు రాజా దీన్‌దయాళ్ వంటివారి ఛాయాచిత్రములతో పోల్చి చూచుట మేలు. కుంచెకున్న స్వాతంత్ర్యము ఆ యంత్రమునకు లేదు.

అంతకు మునుపు జనులు కాలము నెరుగరని కాదు. గడియారమను మాటలోనే గడియ యున్నది. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై నుంచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలము ఒక గడియ, అనగా 24 నిముషములు. ఏడున్నర గడియలు జాము. అరువది గడియలు అహోరాత్రము. సికింద్రాబాదునకు 1874లో రైలు వచ్చినది. రైలు జాము లెక్కకు ఆగదు. పిదప చార్మినారునకు గడియారములు, 1892లో మహబూబ్ చౌకున గడియార స్తంభము, 1897లో సికింద్రాబాదున మరియొకటి వెలసినవి. నిముషముల లెక్క వీధిలోనికి వచ్చినది.

నేటి ప్రమాణకాలము 1906 నుండి అమలైనది. ఆ లెక్కను హైదరాబాదున సూర్యుడు నడినెత్తికి వచ్చుట సగటున 12 గంటల 16 నిముషములకు. తూర్పుననున్న మన భూపాలపల్లిలో అంతకు అయిదారు నిముషములు ముందుగనే.

ఇంకొక పరీక్ష కలదు. పటమున గడియారపు ముండ్లు 12 చూపుచుండగా మినారుల నీడ తూర్పునకు బారుగా సాగియున్నదేమో చూడుడు. అట్లున్నచో చిత్రకారుడు గడియారమునొక పూట, నీడనొక పూట వ్రాసినాడన్నమాట.