మద్రాసు, చెన్నపట్నం: ఏది వలస పేరు?

చెన్నై సెంట్రల్‌కి రైలు టికెట్ బుక్ చేస్తే స్టేషన్ కోడ్ ఇప్పటికీ ఎంఏఎస్ అనే వస్తుంది. హైకోర్టు, యూనివర్సిటీ, ఐఐటీ కూడా మద్రాసు పేరుతోనే ఉన్నాయి. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే. తెర మీద కనిపించే పేరు మార్చడం తేలిక, అడుగున ఉన్న ఐడీ జోలికి ఎవరూ వెళ్లరు.

1996లో పేరు మార్చినప్పుడు అందరికీ ఎక్కిన వాదన ఒకటే: మద్రాసు ఇంగ్లీషువాళ్ల పేరు, చెన్నై మన పేరు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తీరా చదివితే లెక్క దాదాపు తిరగబడింది.

1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే ఇక్కడ కోట కట్టుకోడానికి అనుమతి సంపాదించాడు. ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి, విజయనగర రాజుల కింద ఈ తీరాన్ని ఏలుతున్న తెలుగు నాయకుడు. ఆ పత్రంలోనే మద్రాసపట్నం అన్న పేరుంది. అంటే ఇంగ్లీషువాళ్లు దిగేనాటికే అది అక్కడి ఊరి పేరన్నమాట! తర్వాత సెయింట్ జార్జి కోట లేచింది. నేతగాళ్లు, వర్తకులు, దుబాసీలు చేరి కోట పక్కన కొత్త ఊరు పెరిగింది. దానికి వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అని పేరొచ్చిందంటారు. చెన్నకేశవస్వామి గుడి వల్ల వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఎలా వచ్చినా, కంపెనీ కోటతోపాటు పెరిగిన ఊరి పేరు మాత్రం ఇదే.

అన్ని పేర్లూ నిలవలేదు. 1645లో మూడవ శ్రీరంగరాయలు అనుమతిని ఖాయం చేస్తూ ఊరిని శ్రీరంగరాయపట్నం అన్నాడు. రాజ్యమే చేజారుతున్న రాజు పేరు జనం నోట ఎక్కడ నిలుస్తుంది? నల్లవాళ్ల పేటగా ముద్రపడిన బ్లాక్ టౌన్‌ని 1911లో ఐదవ జార్జి పేరుతో జార్జిటౌన్ చేశారు. అది మాత్రం ఇప్పటికీ ఉంది.

తెలుగువాళ్లకి చెన్నపట్నం కొత్తేమీ కాదు. పాత పుస్తకాల అట్టల మీద చెన్నపురి అనే ఉంటుంది, మా అమ్మమ్మ కూడా చెన్నపట్నం అనే అనేది. ఆంధ్ర రాష్ట్రం కోసం పోరాడినప్పుడు మాత్రం మనవాళ్లు అరిచింది "మద్రాసు మనదే" అని. 1953లో రాష్ట్రం వచ్చింది, ఊరు దక్కలేదు. నలభై మూడేళ్ల తర్వాత ఆ ఊరే చెన్నప్ప పేరు పెట్టుకుంది.

ఇది తెలిశాక మొదట గర్వమే కలిగింది. కానీ ఆ నేలని కంపెనీకి రాసిచ్చింది చెన్నప్ప కొడుకే కదా. పేరు మనదనుకుంటే ఆ పత్రం కూడా మనదే అవుతుంది.