కసువు బండి డీజిల్ లెక్క



కసువు బండి ఒకరోజు రాకపోతే మనం ముందు బండి నడిపే అక్కను నిలదీస్తాం. నిజానికి అడగాల్సింది ఇంకొకటి ఉంది. అది డీజిల్ లెక్క. దాని వెనక కథ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

మన తాతల కాలంలో కసువుకు కాంట్రాక్టు లేదు. ఇంటి కసువు, పేడ, పొయ్యి బూడిద అన్నీ దిబ్బలో పడేవి. వానలకు ముందు ఎద్దులబండికి ఎత్తి రాగి చేనుకు తోలేవాళ్లు. ఎద్దులు తినేది మన గడ్డే కాబట్టి రవాణా ఖర్చు ఊరు దాటేది కాదు. బెంగళూరు కసువును కూడా ఎరువు చేసి రైతుకు ఇవ్వాలనే 1975లో కర్ణాటక కంపోస్ట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు.

తర్వాత కసువులో ప్లాస్టిక్ కలిసింది. చేను దాన్ని వద్దంది. 2000లో కేంద్రం నిబంధనలు తెచ్చి సేకరణ, రవాణా, శుద్ధి అన్నీ పట్టణ సంస్థల బాధ్యత అంది. ఆ పని చాలాచోట్ల కాంట్రాక్టుకు పోయింది. కసువు లారీ ఎక్కింది.

ఆ లారీ ఎక్కడికి పోయిందో చూడండి. బెంగళూరు కసువుకు 2012లో మావళ్లిపుర దారి మూసుకుంది. జనం పోరాడితే 2014 డిసెంబరులో మండూరు కూడా ఆగింది. ఆ తర్వాత లారీలు దొడ్డబళ్లాపురం తాలూకాలోని గుండ్లహళ్లి, చిగరేనహళ్లి వైపు తిరిగాయి. అక్కడి ఊళ్లవాళ్లూ లారీలను అడ్డుకున్నారు. దొడ్డబళ్లాపురంలో రైలెక్కి మాకళిదుర్గం దాటితే మన తొండేభావే. అందుకే ఇది మనకు దూరపు కథ కాదు.

సరిగ్గా అదే కాలంలో డీజిల్ ధర కూడా కదలడం మొదలైంది. 2013 జనవరిలో నెలనెలా కొంచెం కొంచెం పెంచుకోవడానికి ఆయిల్ కంపెనీలకు అనుమతి వచ్చింది. 2014 అక్టోబరులో ధర మీద కేంద్రం పట్టు వదిలేసింది. 2017 జూన్‌లో ధరను రోజూ మార్చే పద్ధతి వచ్చింది. 2013 మొదట్లో ఢిల్లీలో లీటరు 47 రూపాయల దగ్గరుండేది. 2021 నవంబరు మొదటికి 98 దాటింది. మన బెంగళూరులో వందే దాటింది. ఆ తర్వాత పన్నులు తగ్గించారు. మళ్లీ 2024 జూన్‌లో మన రాష్ట్రం అమ్మకపు పన్ను పెంచడంతో లీటరుకు సుమారు 3 రూపాయలు, 2025 ఏప్రిల్‌లో ఇంకో 2 రూపాయలు పెరిగాయి.

ధర ఎప్పుడైనా మారవచ్చు, ఒప్పందం మాత్రం ఏడాదికో రెండేళ్లకో ఒకసారి రాస్తారు. తగువంతా ఇక్కడే ఉంది.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. లారీ పోయి రావడానికి వంద కిలోమీటర్లు, లీటరుకు 3 కిలోమీటర్లు అనుకుంటే ట్రిప్పుకు 33 లీటర్లు. ధర 10 రూపాయలు పెరిగితే ట్రిప్పుకు 330, నెలకు 30 ట్రిప్పులకు దాదాపు పదివేలు. ఒప్పందంలో ఆ పదివేలకు చోటు లేకపోతే అది ఎక్కడినుంచో రావాలి. ట్రిప్పులైనా తగ్గుతాయి, కూలీల జీతమైనా ఆలస్యమవుతుంది, లేదంటే రాత్రిపూట దగ్గరున్న చెరువు కట్ట మీదో గుంతలోనో కసువు పడుతుంది. డీజిల్ పెరిగినప్పుడల్లా దగ్గరి గుంత మీద కన్ను పడుతుంది. ఆ గుంత ఎవరి ఊళ్లో ఉందో వాళ్లే అసలు బిల్లు కడతారు.

ఇంకో మాట. పెరిగిన అమ్మకపు పన్ను రాష్ట్ర ఖజానాకు పోతుంది. బంకులో ఆ పన్ను కట్టే పంచాయితీ బండికి మాత్రం దానివల్ల వచ్చే డబ్బు తనంతట తాను పెరగదు.

ఇప్పుడు మన రాష్ట్రంలో చాలా గ్రామ పంచాయితీలు స్వచ్ఛ వాహిని బండ్లను ఆడవాళ్ల సంజీవిని ఒక్కూటాలకు ఒప్పందం మీద అప్పగించాయి. రోజుకు 5 లీటర్లు, నెలకు 26 రోజులు అనుకున్నా 130 లీటర్లు. లీటరుకు 5 రూపాయలు పెరిగితే నెలకు 650. పెద్ద కాంట్రాక్టరుకు ఇది చిల్లర. బండి నడిపే అక్కకు మాత్రం అది పెద్ద మొత్తమే.

కాబట్టి గ్రామసభలో మనం రెండు మాటలు అడగాలి. ఒప్పందం రాసిన రోజు డీజిల్ ధర కాగితం మీద ఉందా? ధర పెరిగితే తేడా ఇచ్చేలా, తగ్గితే కోసేలా షరతు ఉందా?

ఇక మన వంతు. తడి కసువు, పొడి కసువు వేరు చేసి తడిది పెరట్లోని దిబ్బలోనే వేస్తే బండి బరువూ తగ్గుతుంది, ట్రిప్పులూ తగ్గుతాయి. దిబ్బకు డీజిల్ అక్కర్లేదు. మన తాతలకు ఇది ఎవరూ నేర్పలేదు, మనకే మళ్లీ గుర్తుచేయాల్సి వస్తోంది.

లెక్కలో తప్పులుంటే చెప్పండి, సరిచేస్తాను.