గేరు పుట్టింది కొండ కోసం

కృష్ణా డెల్టాలో సైకిలు తొక్కేవాడికి ఎత్తు అంటే కాలవ వంతెనే. బందరు కాలవ వెంట గానీ, ఏలూరు కాలవ వెంట గానీ ఎన్ని మైళ్ళు పోయినా దిగి నెట్టాల్సిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండు వైపులా పాల క్యాన్లు, కారియర్ మీద గడ్డిమోపు, ముందు కడ్డీ మీద పిల్లవాడు... ఇంత బరువుతోనూ నల్ల సైకిలు తరాల తరబడి నడిచింది. ఇక్కడ దానికి పగవాడు ఎదురుగాలి ఒక్కటే. గాలి తిరిగితే పగ కూడా తీరిపోతుంది.

బెజవాడ నుంచి ఎగువకు గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి చేరితే లెక్క మారుతుంది. ఆ ఊరి పేరు చెప్పగానే అందరి మనసూ తెల్ల పొణికి బొమ్మల మీదకే పోతుంది, పేరులో మొదట ఉన్న కొండను మాత్రం మరిచిపోతారు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో ఆ కొండ మీద కోట లేచింది. తరవాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, చివరికి 1766లో ఇంగ్లీషువాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు దాన్ని లాక్కున్నారు. కోటకి ఆ కొండను ఎంచుకున్నది ఎక్కడం కష్టమనే. ఇప్పుడు తెల్లవారకముందే హెల్మెట్లు పెట్టుకుని బెజవాడ నుంచి బయల్దేరే సైకిలువాళ్ళు ఖిల్లా ఘాట్ రోడ్డును ఎంచుకునేదీ అందుకే.

వాళ్ళ సైకిలు వెనక చక్రం దగ్గర వంగి చూడండి. ఒక పళ్ళ చక్రం ఉండాల్సిన చోట ఎనిమిదో, పదో, పన్నెండో ఉంటాయి, చిన్నదాని నుంచి పెద్దదాకా మెట్లు మెట్లుగా. వాటి కింద రెండు చిన్న కప్పీలున్న చెయ్యి ఒకటి వేలాడుతుంది. హ్యాండిల్ దగ్గర మీట నొక్కితే తీగ లాగుతుంది, చెయ్యి పక్కకు జరుగుతుంది, చైను ఒక చక్రం మీదనుంచి పక్క చక్రం మీదకు ఎక్కుతుంది. చైను వదులు కాకుండా కింది కప్పీ వెనక్కి లాగి పట్టుకుంటుంది. మన సైకిలు షాపులో చైను ఊడిందంటే రిపేరు. అదే పనిని అదుపులో పెట్టి, అడిగినప్పుడే జరిగేలా చేశారు, అంతే.

గేరు వేగం కోసమని చాలామంది అనుకుంటారు. దాని పుట్టుక చూస్తే కథ వేరు.

ఇప్పటి సైకిలు ఆకారం 1885 నాటిది. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్‌లో రెండు చక్రాలూ దాదాపు ఒకే సైజు, వెనక చక్రానికి చైను. మూడేళ్ళకు డన్‌లప్ గాలి టైరు వచ్చింది. చదును నేల మీద ఇక కావాల్సిందేమీ లేదు. గొడవంతా కొండ ఊళ్ళలోనే. ఫ్రాన్సులో సెంత్ ఎతియెన్ కొండల మధ్య ఊరు. అక్కడ పాల్ ద వివీ అనే ఆయన వెలోసియో అనే కలం పేరుతో సైకిలు పత్రిక నడిపేవాడు. ఎత్తుకో పళ్ళ చక్రం, పల్లానికో పళ్ళ చక్రం ఉండాలని పోరు పెట్టాడు, తన సైకిళ్ళ మీదే ప్రయోగాలు చేశాడు. 1902లో ఒక పందెం జరిగింది. మార్త్ ఎస్ అనే స్త్రీ మూడు గేర్ల సైకిలు మీద, పేరున్న మగ పందెగాడు గేరు లేని సైకిలు మీద కొండదారి తొక్కారు. ఆవిడే గెలిచింది.

దానికి పారిస్ పత్రికా సంపాదకుడు అన్రీ దెగ్రాంజ్ స్పందన తమాషాగా ఉంటుంది. గేర్లు నలభై అయిదు దాటినవాళ్ళకు పనికొస్తాయని తేల్చేశాడు. గెలుపు యంత్రానిది కాకూడదట, కండరాలదే కావాలట. అలాంటి మనిషే 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టాడు. 1910లో పందెగాళ్ళను పిరనీస్ పర్వతాల్లోకి, 2,115 మీటర్ల ఎత్తున్న తూర్మలే కనుమ మీదకు పంపాడు. అప్పటికవి రాళ్ళూ బురదా నిండిన బాటలు. ఆ ఏడు గెలిచిన ఒక్తావ్ లపీజ్ దారిలో నిర్వాహకులను హంతకులని తిట్టాడు. మరుసటి ఏడు ఆల్ప్స్ వంతు వచ్చింది. గలిబియే కనుమను అందరికంటే ముందు దాటినవాడు ఎమిల్ జోర్జె. గేరు లేదు కాబట్టి ఆ రోజుల్లో ఒక ఉపాయం ఉండేది. వెనక చక్రానికి ఇటొక పళ్ళ చక్రం, అటొకటి. కొండ కిందికి రాగానే దిగి, నట్లు విప్పి, చక్రాన్ని తిప్పి బిగించుకోవాలి. శిఖరం మీద మళ్ళీ అదే పని.

1927లో ఇటలీలో ఒక కనుమ మీద మంచు కురుస్తుంటే తూలియో కంపన్యోలో అనే యువకుడికి వేళ్ళు కొంకర్లు పోయి చక్రం నట్లు విప్పలేకపోయాడని చెబుతారు. కథలో ఎంత నిజముందో గానీ, ఒక్క మీట తిప్పితే ఊడొచ్చే ఇరుసును ఆయన 1930లో పేటెంటు చేశాడన్నది ఖాయం. టూర్‌లో గేర్లకు తలుపులు తెరిచింది 1937లో. ఆ ఏడాదే రోజె లపేబీ గేరు సైకిలుతో గెలిచాడు. వెలోసియో అది చూడలేదు. 1930లోనే సెంత్ ఎతియెన్‌లో ట్రాము గుద్ది పోయాడు.

మనకు వచ్చింది మాత్రం ఈ సంతతి కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాసు దగ్గర అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. అన్నీ చేసింది ఆంగ్లేయుల బరువు సైకిలునే. ముందు 44 పళ్ళు, వెనక 18. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. గుడివాడ రోడ్డు మీద ఇది బంగారం లాంటి లెక్క. నూటికి ఎనిమిది వాలున్న ఘాట్ మీద పెట్టి చూడండి. మనిషీ బండీ కలిపి తొంభై కిలోలనుకుంటే, ప్రతి చుట్టుకూ ఆ బరువును నలభై నాలుగు సెంటీమీటర్లు పైకెత్తాలి. ముందూ వెనకా 34 పళ్ళున్న గేరు వేస్తే ఎత్తాల్సింది పదిహేడు సెంటీమీటర్లే. చుట్లు ఎక్కువవుతాయి, మోకాలు మిగులుతుంది. ఆల్ప్స్‌లో పేరుమోసిన ఆల్ప్ ద్యుయెజ్ ఎత్తు కూడా సగటున ఇంచుమించు ఇంత వాలే. కాకపోతే అక్కడది 21 మలుపులతో దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు. మన ఖిల్లా దాని ముందు పసిబిడ్డ, ఒప్పుకుందాం.

డెల్టాలోకి గేరు ముందు ముచ్చటకే వచ్చింది. బి.ఎస్.ఏ. ఎస్.ఎల్.ఆర్. అనే మోడల్ బడిపిల్లలకు తేలిక సైకిలు రుచి చూపించింది. లావు టైర్ల రేంజర్ మోడల్ వచ్చాక నల్ల సైకిలు తాతగారిదైపోయింది. గేర్లున్న సైకిలు కొన్న ఇళ్ళలో కూడా చైను ఏళ్ళ తరబడి ఒకే పళ్ళ చక్రం మీద తుప్పు పట్టింది. చదును నేలలో మార్చే అవసరం ఏముంది? జపాన్ షిమానో 1984లో క్లిక్కుమని ఒక్కో మెట్టు ఎక్కే మీటను తెచ్చింది. అది చవకై మన వీధి షాపుదాకా రావడానికి చాలాకాలం పట్టింది. 2005లో ఫైర్‌ఫాక్స్ అనే సైకిలు కంపెనీ మొదలైన తరవాతి దశాబ్దంలో ఊళ్ళో డాక్టర్లు, ఇంజనీర్లు, బ్యాంకువాళ్ళు అలాంటి సైకిళ్ళు కొన్నారు. కొన్నవాటికి పని కావాలి కదా, కొండలు వెతుక్కున్నారు. ఫ్రాన్సు పద్ధతి బ్రెవే సవారీలు కూడా అదే దారిన వచ్చాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600ను నలభై గంటల్లో పూర్తిచెయ్యాలి. ఎవరూ మొదటివారు కారు, చివరివారూ కారు. బహుమతికి అలవాటుపడిన మనవాళ్ళకు ఇది మింగుడుపడటమే విశేషం.

కొండపల్లిలో తొక్కేవాళ్ళకు ఆల్ప్స్‌వాళ్ళకు లేని చిక్కు ఒకటుంది. అక్కడ పైకి పోయేకొద్దీ చలి. ఇక్కడ ఎత్తు ఆ ఉపకారం చేసేంత ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ తెలిసిందే, ఎనిమిదింటికల్లా కొండరాయి సెగ కక్కుతుంది. నెమ్మదిగా ఎక్కేవాడికి గాలి కూడా తగలదు, చెమట ఆరదు, నీళ్ళు ఒంట్లో నిలవవు. అందుకే చీకటితో బయల్దేరి, పొద్దెక్కేలోగా దిగిపోవాలి. దిగేటప్పుడు బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచకూడదు. రిమ్ము వేడెక్కితే ట్యూబు పేలొచ్చు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో వదిలెయ్యాలి. కంకరా కోతులూ ఎటూ ఉంటాయి. పాత నల్ల సైకిలు కడ్డీ బ్రేకులతో ఈ పని చెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పను.