పొడిగాలి – ఊపిరితిత్తులు – పెద్దప్రేగు

అనంతపురం సీమకు వానదేవుని కరుణ ఎప్పుడూ కొద్దిగానే లభిస్తుంది. నైరృతి మేఘాలు తమ భారాన్ని చాలవరకు పడమటి కనుమలలోనే దించుకొని, మిగిలిన కొద్దిపాటి తడితో ఈ పీఠభూమి మీదికి వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పుతీరాన్ని తడిపి, ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ సీమలో గాలి పొడిగా ఉండడం సహజము. ఆ పొడిగాలి మనిషి ఊపిరితిత్తులకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

ఈ ప్రశ్నకు వైద్యచరిత్రలో పరస్పర విరుద్ధమైన రెండు సమాధానాలు ఉన్నవి. పొడిదనము ఊపిరితిత్తులకు శత్రువని చీనా వైద్యులు చెప్పారు. పొడిగాలి ఊపిరితిత్తులకు ఔషధమని పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపా వైద్యులు నమ్మారు. ఆ రెండవ నమ్మకపు ఛాయలోనే మన రాయలసీమలో ఒక ప్రసిద్ధ వైద్యాలయం వెలసింది. ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే, వైద్యంలో పరిశీలన ఎంతవరకు మనల్ని నడిపించగలదో, పరీక్ష ఎక్కడ అవసరమౌతుందో తెలుస్తుంది.

ముందుగా చీనావారి మాట. క్రీస్తుకు పూర్వం చివరి రెండు శతాబ్దాలలో సంకలితమైనదని భావించబడే 'హువాంగ్ డీ నైజింగ్' అన్న గ్రంథం వారి వైద్యానికి పునాది. అందులో శరీరాన్ని ఒక రాజ్యంతో పోల్చారు. హృదయము రాజు. ఊపిరితిత్తులు రాజు ప్రక్కన నిలిచి పాలనను క్రమబద్ధం చేసే మహామంత్రి. పెద్దప్రేగు సరుకు చేరవేసే అధికారి. తిన్నది మార్పుచెందగా మిగిలిన దానిని వెలుపలికి పంపడం అతని ఉద్యోగము.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చీనావారు ఊపిరితిత్తులు అన్నప్పుడు, శవపరీక్షలో కనిపించే అవయవాన్ని మాత్రమే ఉద్దేశించలేదు. కొన్ని పనుల సమూహాన్ని ఆ పేరుతో పిలిచారు. శ్వాస తీయడం, విడవడం ఆ పనులలో మొదటివి. లోనికి వచ్చిన వాయువును క్రిందికి దించడం, శరీరమంతటా, చర్మము వరకు వ్యాపింపజేయడం, నీటిని మంచువలె పలుచగా పంచిపెట్టడం తక్కినవి. ముక్కు దానికి వాకిలి, చర్మము, రోమములు దానికి ప్రాకారము. అన్ని అవయవాలకన్న పైన ఉన్నందున దానిని రథంమీది గొడుగుతో పోల్చారు. దుఃఖము దాని భావము, శరత్తు దాని ఋతువు.

ఇట్టి ఊపిరితిత్తులకు పెద్దప్రేగును జంటగా నిర్ణయించారు. ఒకటి లోపలిది, రెండవది వెలుపలిది. ఊపిరితిత్తుల నాడీమార్గము ఉదరమధ్యంలో బయలుదేరి, క్రిందికి దిగి పెద్దప్రేగును చుట్టి, మళ్లీ పైకి వచ్చి, చేతి బొటనవ్రేలి కొన వద్ద ముగుస్తుందని వారి సిద్ధాంతము. ఆ మార్గంమీద పదకొండు సూదిస్థానాలు. పెద్దప్రేగు మార్గము చూపుడువ్రేలి కొన వద్ద మొదలై, చేయి వెంబడి ఎక్కి, ముక్కు ప్రక్కన ముగుస్తుంది. దానిమీద ఇరవై స్థానాలు. వాయువు సరిగా క్రిందికి దిగితేనే పెద్దప్రేగుకు మలాన్ని త్రోసే బలం చేకూరుతుందని, పెద్దప్రేగు బిగిసిపోతే వాయువు పైకి తిరగబడి దగ్గు, ఆయాసము కలుగుతాయని వారు భావించారు. అందువల్లనే దగ్గుతో వచ్చిన రోగిని విరేచనం సాఫీగా ఉన్నదా అని అడగడం చీనా వైద్యునికి ఆచారమైనది.

ఈ మాట మన చెవికి మరీ క్రొత్త కాదు. ఆయుర్వేదం వాయువును ఐదుగా విభజించి, ఊపిరితో సంబంధించిన దానిని ప్రాణమని, క్రిందికి పోయి మలమూత్రాలను విసర్జించే దానిని అపానమని పేర్కొన్నది. వాతానికి ముఖ్యస్థానము పక్వాశయమని చెప్పింది. చరకసంహిత తమకశ్వాసకు, అంటే ఉబ్బసానికి, విరేచనాన్ని చికిత్సగా విధించింది. ఆయాసానికి భేదిమందేమిటని నేటి రోగి ఆశ్చర్యపడవచ్చు గాని, దాని వెనుక ఉన్న అనుభవం సామాన్యమైనదే. కడుపు ఉబ్బి బిగిసినప్పుడు ఊపిరితిత్తుల క్రింది పొర, అంటే ఉదరవితానము, స్వేచ్ఛగా దిగలేదు. ఊపిరి నిండుగా అందదు. మలబద్ధకం గలవాడు ఊపిరి బిగబట్టి ముక్కుతాడు. రెండు దేశాల వైద్యులూ ఒకే శరీరాన్ని చూశారు. తమ తమ భాషలలో ఒకే సంబంధాన్ని వ్రాసుకొన్నారు.

ఇక పొడిదనము సంగతి. శరదృతువులో తేమ సోకినవానికి శీతకాలంలో దగ్గు వస్తుందని ప్రాచీన గ్రంథంలో ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో యూ చాంగ్ అనే వైద్యుడు ఈ మాటను ప్రశ్నించాడు. ఆకులు ఎండి రాలే ఋతువులో శరీరాన్ని బాధించేది తేమ ఎట్లా అవుతుంది? అది పొడిదనమే కావాలని ఆయన వాదించి, 1658లో వెలువడిన తన గ్రంథంలో శరత్కాలపు పొడిదనాన్ని గురించి ప్రత్యేకంగా చర్చించాడు. పూజనీయ గ్రంథాన్ని అనుభవంతో సరిదిద్దడం ఆ కాలానికి చిన్న సాహసం కాదు. ఎండిన ఊపిరితిత్తులకై ఆయన కూర్చిన యోగంలో మల్బరీ ఆకు, నువ్వులు, జల్దరు పప్పు వంటివి ఉన్నవి. వీటిలో నువ్వులు, జల్దరు పప్పు ప్రేగులకు కూడా జిడ్డునిచ్చి మెత్తబరుస్తాయని చీనా వైద్యుల మతము. జంట అవయవాల సిద్ధాంతం మందుల అరలోనికి ఈ విధంగా ప్రవేశించింది. హిందూపురం, మడకశిర ప్రాంతాలలో మనవారు పట్టుపురుగులకు మేతగా పెంచే మల్బరీ ఆకే అక్కడ దగ్గుమందు!

అయితే క్షయరోగం ముందు ఈ విజ్ఞానమంతా తలవంచవలసి వచ్చింది. ఒకరు మరణించిన తరువాత ఇంటిలోని మరొకరికి సంక్రమించే క్షీణవ్యాధిని నాలుగవ శతాబ్దంలోనే గె హోంగ్ అనే చీనా పండితుడు వర్ణించాడు. అంటువ్యాధి అని గుర్తించగలిగారు గాని, కారణాన్ని చూడలేకపోయారు. ఆ కారణమైన సూక్ష్మజీవిని 1882లో రాబర్ట్ కాక్ ప్రకటించాడు. కారణం తెలిసినా మందు మాత్రం మరి అరవై సంవత్సరాలదాకా దొరకలేదు. ఆ నడిమి కాలంలో ఐరోపా వైద్యులు ఎత్తయిన ప్రదేశము, స్వచ్ఛమైన పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము అనే నాలుగింటిపై ఆశ పెట్టుకొని శానటోరియంలు నిర్మించారు.

అట్టిదే ఆనాటి చిత్తూరు జిల్లాలో, అనంతపురం సీమకు పొరుగున, మదనపల్లె వద్ద ఏర్పడిన ఆరోగ్యవరం. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు, పొడిగా ఉండే వాతావరణము గల ఆ చోట కొన్ని క్రైస్తవ మిషనులు కలిసి 1915లో క్షయ వైద్యాలయాన్ని తెరిచాయి. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దానికి తొలి అధికారి. చీనా వైద్యుడు భయపడిన పొడిగాలినే ఇక్కడ రోగికి పథ్యంగా ఇచ్చారన్నమాట.

ఆరోగ్యవరం గాలిని మాత్రమే నమ్ముకొని కూర్చోలేదు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు ప్రారంభమైనప్పుడు తొలి కేంద్రాలలో మదనపల్లె ఒకటి. 1950 నుండి 1955 వరకు చుట్టుప్రక్కల పల్లెలలో క్షయవ్యాప్తిని ఇక్కడి వైద్యులు పరిశీలించారు. వైద్యం వైద్యాలయపు గోడలు దాటి గ్రామానికి నడిచింది.

శానటోరియం మేలైనదే కావచ్చు. కాని వేరుశనగ మీద బ్రతికే మెట్టరైతు ఏడాదిపాటు మంచంపై పరాయి ఊరిలో ఉంటే, ఇంటిలో పొయ్యి ఎట్లా వెలుగుతుంది? వైద్యాలయాలలోని పడకలు ఎన్ని, దేశంలోని రోగులు ఎందరు? పొడిగాలి నిజంగా అవసరమైతే పేదవానికి మోక్షం లేదు. అవసరం కాకపోతే, వానిని ఇల్లు విడిపించనక్కరలేదు. సిద్ధాంతపు చర్చ ఇక్కడ ప్రాణాల చర్చగా మారుతుంది.

దానిని తేల్చినది మదరాసు నగరము. అక్కడ 1956లో స్థాపితమైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రంలో 193 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం శానటోరియంలో, రెండవది తమ ఇండ్లలో, ఒక సంవత్సరంపాటు ఒకే మందులు వాడింది. ఇంటివద్ద ఉన్నవారికి ఆహారం తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇరుకు ఎక్కువ. అయినప్పటికీ 1959లో ప్రకటించిన ఫలితాలలో రెండు వర్గాలకూ పెద్ద తేడా కనిపించలేదు. ఇంటిలోని తక్కినవారికి అందువల్ల అదనపు ప్రమాదం కలిగినట్లు కూడా తేలలేదు. నయం చేసినది గాలి కాదు, క్రమం తప్పక మ్రింగిన మందు. ఆ ఫలితంతో ప్రపంచమంతటా శానటోరియంల యుగం అస్తమించసాగింది.

మరి చీనావారి మాట వ్యర్థమా? కాదు. మిక్కిలి పొడిగాలి శ్వాసనాళాల లోపలి తడిపొరను ఎండబెట్టి, దుమ్మును, క్రిములను వెలుపలికి నెట్టే శక్తిని తగ్గిస్తుందని నేటి శాస్త్రం అంగీకరిస్తున్నది. గర్భస్థ శిశువులో నాల్గవ వారంలో ఊపిరితిత్తులు అన్నవాహిక భాగం నుండే మొగ్గ తొడుగుతాయి. ప్రేగులలోని సూక్ష్మజీవులకు, ఊపిరితిత్తుల రోగనిరోధక శక్తికి గల సంబంధంపై పరిశోధనలు సాగుతున్నవి. అయితే ఆ మొగ్గ పుట్టేది ముందుభాగపు ప్రేగు నుండి గాని, పెద్దప్రేగు నుండి కాదు. కనుక ప్రాచీనుల జంట రుజువైనదని తొందరపడరాదు. వారి పరిశీలనను గౌరవించాలి, వారి నిర్ణయాన్ని పరీక్షించాలి. యూ చాంగ్ తన పెద్దల గ్రంథం పట్ల చేసినది అదే. మదరాసు పరిశోధకులు శానటోరియం పట్ల చేసినదీ అదే.

కరవు సీమలో గాలిని మనం మార్చలేము. రెండు వారాలకు మించి దగ్గు నిలిచినవానికి కఫపరీక్ష చేయించగలము. క్షయ అని తేలితే ప్రభుత్వ వైద్యశాలలో ఉచితంగా ఇచ్చే మందులను చివరివరకు వాడించగలము. పొడిగాలి వీచే మన పల్లెలలో ఊపిరికి నమ్మదగిన రక్ష ఇదే.